జాగ మనది, బాకీ మనది, రోడ్డెవరిది?

మాదాపూర్ నుంచి కోకాపేట దాకా కొత్త రోడ్డు పడ్డప్పుడల్లా పాలకులది ఒకటే పాట. ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేస్తున్న అభివృద్ధి ఇది అంటారు. కలిసి చేసేదంటే ఇద్దరి పెట్టుబడి ఉండాలి, ఇద్దరికీ లాభం ఉండాలి. మన ఊర్లల్లో పాలుకు చేసినప్పుడు విత్తనం ఎవరిది, ఎద్దులు ఎవరివి, కూలి ఎవరిది అని కల్లం కాడ లెక్క తీసేవాళ్లు. ఆ లెక్కలో దొరే గెలిచేవాడు, అది వేరే సంగతి. కానీ లెక్కంటూ ఒకటి ఉండేది. హైటెక్ సిటీ రోడ్లకు ఆ మాత్రం లెక్క కూడా లేదు. ఈ రోడ్లకు జాగ ఇచ్చింది ఎవరు? పైసలు పెట్టింది ఎవరు? రోడ్డు పడ్డాక పెరిగిన ధర ఎవని సంచిలో పడ్డది? ఈ మూడు ప్రశ్నలు మేము అడుగుతున్నాం. మీరు కూడా అడగాలని ఇది రాస్తున్నాం.

"పట్నం రోడ్ల ముచ్చట మాకెందుకు సార్" అనే అన్నలు, అక్కలు ఉన్నారు. మాదాపూర్ కూడా నిన్నటి దాకా ఊరే. రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి, కొండాపూర్, పుప్పాలగూడ అన్నీ ఊర్లే. చెరువులు, కంచెలు, జొన్న చేన్లు, ఊరి చివర మన వాడలు ఉన్న ఊర్లే. ఇప్పుడు రీజినల్ రింగ్ రోడ్డు గీత సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, చౌటుప్పల్ దిక్కు తిరుగుతున్నది. ముచ్చర్ల, యాచారం దిక్కు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. మాదాపూర్‌లో ఏం జరిగిందో తెలుసుకోని వాళ్లకు రేపు తమ ఊర్లో ఏం జరుగుతున్నదో కూడా తెలియదు.

ముందుగా జాగ సంగతి చూద్దాం. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌కు రిబ్బను కత్తిరించారు. పక్కన చంద్రబాబు నాయుడు. ఎల్ అండ్ టీ కంపెనీ, ప్రభుత్వానికి చెందిన ఏపీఐఐసీ కలిసి పెట్టిన సంస్థ దాన్ని కట్టింది. అందులో కంపెనీకి 89 వాటాలు, సర్కారుకు 11. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ అని ఒకటి పెట్టి 52 చదరపు కిలోమీటర్లను దాని కిందికి తెచ్చారు. అప్పుడు చెప్పిన మాట ఇది: ఇక్కడంతా సర్కారు భూమి, రాళ్లు రప్పలు, ఎవరికీ నష్టం లేదు.

సర్కారు భూమి అనే మాట వినడానికి చాలా శుభ్రంగా ఉంటుంది. మనం ఆ మాటను విప్పి చూడాలి. రంగారెడ్డి జిల్లా ఊర్లల్లో సర్కారు భూమిని దున్నింది ఎవరు? లావుణీ పట్టా కాగితం పట్టుకున్నది ఎవరు? నీరడి పని చేసినందుకు, బేగరి పని చేసినందుకు, సేత్‌సింధి పని చేసినందుకు బలౌత ఇనాముల కింద గుంటలు గుంటలుగా సాగు చేసుకున్నది ఎవరు? రాళ్లు ఏరి, తుమ్మలు కొట్టి, ఆ గుట్ట బోడును చేను చేసింది మన తాతలు. పటేల్, పట్వారీ పట్టా భూములు చెరువు కింద ఉండేవి. మనకు ఇచ్చినవి గుట్టకింది నేలలు. గుట్టకింది నేలలకే ఐటీ కంపెనీల కండ్లు పడతాయని ఇచ్చినవానికీ తెలియదు, తీసుకున్నవానికీ తెలియదు.

1977లో 9వ నంబరు చట్టం వచ్చింది. అసైన్డ్ భూమిని పేదవాడు అమ్మరాదు, ఎవడూ కొనరాదు. మనల్ని కాపాడటానికే అన్నారు. అట్లా కాపాడిన చోట్లు కూడా ఉన్నాయి, కాదనం. కానీ పట్నం పక్కన ఆ చట్టం రెండు వైపులా కోసింది. మన చేతిలో ఉన్నన్నాళ్లు ఆ భూమికి ధర లేదు, ఎందుకంటే అమ్మరాదు. ప్రజా ప్రయోజనం పేరు మీద సర్కారు వెనక్కి తీసుకున్న మరునాడు దానికి కోట్ల ధర. 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తేల్చి చెప్పింది: ప్రభుత్వం అసైన్డ్ భూమిని తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ ధర లెక్కన పరిహారం ఇవ్వాలి. ఆ కేసు ఎక్కడి నుంచో రాలేదు, మన చేవెళ్ల రెవెన్యూ డివిజన్ నుంచే పోయింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత కూడా ఫార్మా సిటీ కోసం భూములు తీసుకున్నప్పుడు పట్టాకు ఒక రేటు, అసైన్డ్‌కు అంతకన్నా తక్కువ రేటు. కోర్టు మాట కాగితం మీద ఉన్నది, తహశీల్దారు మాట చేను మీద ఉన్నది.

ఇక ఈ మొత్తంలో అసలు కిటుకు చెప్తాం. ఇది సమఝైతే మిగతాదంతా సమఝైనట్టే. హైదరాబాద్‌లో ఒక జాగలో ఎన్ని అంతస్తులు కట్టొచ్చు అన్నది ఆ జాగ ముందర రోడ్డు ఎంత వెడల్పు అన్నదాని మీద ఉంటుంది. ఇంత నేలకు ఇంతే కట్టడం అని వేరే నగరాల్లో ఉండే హద్దును 2006లో 86వ నంబరు జీవోతో ఇక్కడ ఎత్తేశారు. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా అదే దారిలో నడిచింది. నలభై అడుగుల రోడ్డు మీద కట్టేది వేరు, వంద అడుగుల రోడ్డు మీద కట్టేది వేరు. అంటే ఏమన్నట్టు? సర్కారు వచ్చి నలభై అడుగుల రోడ్డును వంద అడుగులు చేసిందనుకోండి. పక్కనున్న జాగ యజమానికి ఆకాశంలో కొత్త భూమి పుట్టినట్టే. వాడు నాగలి పట్టలేదు, పార పట్టలేదు. నిద్ర లేచేసరికి వాని ఎకరం పది ఎకరాల పని చేస్తున్నది.

పైగా రోడ్డుకు కొంత జాగ పోయిందని వానికి టీడీఆర్ అనే హక్కు పత్రం ఇస్తారు. 2017 ఆఖరున వచ్చిన జీవోతో రోడ్డు వెడల్పులో పోయిన జాగకు 400 శాతం దాకా ఆ హక్కు. దాన్ని తానే వాడుకొని ఇంకా పైకి కట్టుకోవచ్చు, ఇంకొక బిల్డరుకు అమ్ముకోవచ్చు. బాగానే ఉన్నది. జాగ పోయినవానికి నష్టపరిహారం వద్దని మేము అనం. కానీ అదే రోడ్డు వెడల్పులో గుడిసె పోయినవానికి ఏం పత్రం ఇచ్చారు? టీడీఆర్ కావాలంటే పట్టా చూపాలి. లావుణీ పట్టా నిషేధిత జాబితాలో ఉంటుంది. గుడిసెకు ఏ జాబితా లేదు. ఒకే రోడ్డు, ఒకే గీత, ఒకే రోజు కూలిన రెండు గోడలు. ఒక గోడకు నాలుగు రెట్లు, ఇంకో గోడకు పంచనామా. మనువు రాసిన దండన పట్టిక కూడా ఇట్లాగే ఉండేది కదా! కులాన్ని బట్టి రేటు.

ధరలు చూడండి. కోకాపేట నియోపోలిస్‌లో ముందు సర్కారు పైసతో వెడల్పు రోడ్లు వేశారు, నీళ్ల పైపులు, మురుగు పైపులు, కరెంటు పెట్టారు. తర్వాత 2023 ఆగస్టులో వేలం పెడితే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. ఎకరానికి 177 కోట్లు! ఈ పత్రిక చదివే ఏ మండలంలోనైనా, మండలం మొత్తం మాదిగ పల్లెల, మాల పల్లెల భూమి ధర కలిపినా అంత అయితదా, ఎవరన్నా లెక్క కట్టి చూడండి. ఈ వేలం సొమ్ము ఖజానాకే వచ్చింది కదా అంటారు. వచ్చింది. ఆ చుట్టుపక్కల ప్రైవేటు జాగల ధర కూడా ఆ రోడ్లతోనే పెరిగింది కదా, అందులో ఖజానాకు ఎంత వచ్చింది? ఖజానాకు వచ్చినదానిలో ఆ గుట్టకింది నేల దున్నిన ఇండ్లకు ఎంత వచ్చింది?

2025 మార్చి ఆఖరున కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు పోతే సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు, లాఠీలు తిన్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపింది. ఆ పిల్లలకు మా దండం. జింకల కోసం, నెమళ్ల కోసం ఇంగ్లీషు పేపర్లు కూడా కన్నీళ్లు పెట్టాయి. మంచిదే. లావుణీ పట్టా పోయిన ముసలవ్వ కోసం ఆ పేపర్లలో ఒక్క కాలమ్ రాసినోడు ఉంటే మాకు కటింగ్ పంపండి.

ఇక పైసల సంగతి. 2015 తర్వాత జీహెచ్ఎంసీ ఎస్ఆర్‌డీపీ అనే పేరుతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు మొదలుపెట్టింది. అయ్యప్ప సొసైటీ, మైండ్‌స్పేస్, బయో డైవర్సిటీ చౌరస్తా. ఎల్‌బీ నగర్ దిక్కు కూడా కట్టారు, ఆ మాట దాచం. దుర్గం చెరువు మీద తీగల వంతెన 184 కోట్లు, 2020 సెప్టెంబర్‌లో తెరిచారు. జూబ్లీహిల్స్ బంగళాల నుంచి మైండ్‌స్పేస్ ఆఫీసులకు దగ్గరి తోవ అది. ఈ పనుల కోసం 2018 ఫిబ్రవరిలో బాంబే స్టాక్ ఎక్స్ఛేంజిలో బాండ్లు అమ్మి 200 కోట్లు అప్పు తెచ్చారు, నూటికి 8.90 వడ్డీ. అదే ఏడు ఇంకో 195 కోట్లు, 9.38 వడ్డీ. 2019లో 100 కోట్లు, వడ్డీ పదికి పైన. బ్యాంకు అప్పు దీనికి అదనం. బాండు అంటే అప్పు పత్రమే, ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన అప్పు కాకుండా పోదు. ఈ అప్పుకు పూచీ ఏమిటి? నగరం మొత్తం కట్టే పన్నులు. అడ్డగుట్టలో రెండు గదుల రేకుల ఇల్లు ఉన్న సఫాయి తల్లి కట్టే ఇంటి పన్ను కూడా అందులో ఉన్నది.

మరి హైటెక్ సిటీ కంపెనీల బిల్డింగుల పన్ను? ఇక్కడ ఇంకో కిటుకు ఉన్నది. పారిశ్రామిక ప్రాంతాలకు ఐలా అనే ప్రత్యేక ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలోనే పెట్టారు. ఆ ప్రాంతంలో పన్ను వసూలు ఐలాదే. వచ్చినదానిలో 35 శాతం స్థానిక సంస్థకు ఇస్తే చాలు, మిగతాది ఆ ప్రాంతంలోనే ఖర్చు పెట్టుకోవచ్చు. అంటే పేదవాని పన్ను నగరమంతా తిరుగుతుంది, కంపెనీ పన్నులో ఎక్కువ భాగం కంపెనీ గేటు ముందరే తిరుగుతుంది. ఊరి బావి అందరూ తవ్వాలి, నీళ్లు మాత్రం ఊర్లోకే. ఈ కథ మనకు కొత్తదా?

బిల్డర్లు అసలేమీ కట్టడం లేదా అంటే, కడుతున్నారు. ఎత్తు భవనాలకు ఇంపాక్ట్ ఫీజు అని ఒకటి ఉన్నది. దాన్ని వేరే ఖాతాలో వేసి ఆ ప్రాంతపు మౌలిక వసతులకు వాడాలని 2012 రూల్సులోనే రాసి ఉన్నది. రాసింది మంచి మాటే. ఆ ప్రాంతం అంటే ఏది? టవర్ ముందరి రోడ్డేనా, ఆ టవర్‌కు ఇటుకలు మోసినవాళ్లు, ఇప్పుడు ఆ టవర్‌లో గదులు ఊడ్చేవాళ్లు ఉండే బస్తీ కూడానా? ఆ ఖాతాలో ఎంత పడ్డది, ఏ గల్లీలో ఎంత ఖర్చయింది అని వార్డు ఆఫీసు గోడ మీద రాసి పెట్టినోడు లేడు.

ఇప్పుడు మనల్ని నేరుగా తగిలే సంగతికి వస్తున్నాం. సంఘాల్లో పనిచేసేవాళ్లు ఈ భాగాన్ని రెండు సార్లు చదవండి. ఎస్సీ, ఎస్టీల జనాభా ఎంత శాతమో బడ్జెట్‌లో అంత శాతం మన కోసం వేరుగా పెట్టాలి. ఆ పైసలు ఏటేటా మళ్లిపోతుంటే దళిత సంఘాలు ఏండ్లకేండ్లు కొట్లాడాయి. ఔటర్ రింగ్ రోడ్డుకు, హుస్సేన్ సాగర్ సోకులకు మా పైసలా అని ఆ కొట్లాటలో అడిగాం. ఢిల్లీలో అయితే 2010 కామన్వెల్త్ ఆటల కోసం ఎస్సీల నిధుల్లో నుంచి 600 కోట్లకు పైగా మళ్లించారు. అది తప్పేనని అప్పటి హోం మంత్రి చిదంబరం పార్లమెంటులో ఒప్పుకున్నారు. ఆ కొట్లాటల ఫలితంగానే 2013లో మన దగ్గర సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దాని బాటలోనే వచ్చింది.

చట్టం గెలిచాం. కానీ 2013 చట్టంలోనే ఒక సందు పెట్టారు. విడదీయలేని మౌలిక వసతుల పనులకు అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీలకు ఖర్చు పెట్టినట్టుగా భావించవచ్చునట! ఖర్చు పెట్టనక్కర లేదు, పెట్టినట్టు భావిస్తే చాలు. పెద్ద రోడ్డు విడదీయలేనిది. ఫ్లైఓవర్ విడదీయలేనిది. అది ఎవరి కోసం కట్టినా అందులో ఇంత వంతు మాల మాదిగలదని పుస్తకంలో రాసుకోవచ్చు. మన వాడకు సీసీ రోడ్డు అడిగితే నిధులు లేవు. మనం ఎన్నడూ ఎక్కని ఫ్లైఓవర్‌లో మాత్రం మనకు వాటా ఉన్నది!

"రోడ్డు మీద కులం పేరు రాసి లేదు కదా, అందరూ నడవొచ్చు కదా" అని మేధావులు అంటారు. మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదని 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద అందరిదే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట నడిచి మనవాళ్లు ఆ నీళ్లు తాగితే తలలు పగలగొట్టారు. అందరిదీ అని రాసినంత మాత్రాన అందరిదీ కాదని మనకు మున్సిపాలిటీలే నేర్పాయి.

ఈ రోడ్లు ఎవరి కోసమో చూడాలంటే పొద్దున ఆరింటికి కొండాపూర్ దిక్కు పోయి నిలబడండి. ఊడ్చే అక్కలు, ఇండ్లల్లో పనికి పోయే తల్లులు, కూలీ అడ్డా మీది అన్నలు, సెక్యూరిటీ గార్డులు, వీళ్లంతా నడిచే మనుషులు. నడిచే మనిషికి జాగ ఏది? ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, లేకుంటే పార్కింగ్. రోడ్డు దాటాలంటే కారు ఆగదు. కారుకు సిగ్నల్ లేని తోవ కావాలని కోట్లు పెట్టారు, కాలికి తోవ కావాలని ఎవరూ బాండు అమ్మలేదు. రోడ్డు వేసిన నెలకు జలమండలి తవ్వుతుంది, అది పూడ్చిన నెలకు కేబులోడు తవ్వుతాడు. శాఖల మధ్య సమన్వయం లేదని పేపర్లు రాస్తాయి. మేము ఆ మాట సగమే ఒప్పుకుంటాం. కంపెనీలకూ పోలీసులకూ సమన్వయం కోసం 2006 నుంచే సైబరాబాద్‌లో ఒక సొసైటీ ఉన్నది. ట్రాఫిక్ ఎట్లా మళ్లాలి, ఆఫీసు ఆడపిల్లలకు బస్సు ఎట్లా నడవాలి అని కూర్చొని మాట్లాడుకుంటారు. ఆడపిల్లలకు బస్సు నడవాల్సిందే. చీకట్లో చీపురు పట్టుకొని వచ్చే ఆడమనిషికి ఏ బస్సు? ఆ బల్ల దగ్గర ఆమెకు కుర్చీ ఉన్నదా?

2016 ఆగస్టులో అదే మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక మ్యాన్‌హోల్‌లో నలుగురు ఊపిరాడక చచ్చిపోయారు. 2013 చట్టం మనిషిని మలం పనికి దింపరాదన్నది. 2014లో సుప్రీంకోర్టు అట్లా చచ్చిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు అన్నది, 2023లో 30 లక్షలు చేసింది. అయ్యప్ప సొసైటీ చౌరస్తాలో 2018లో అండర్‌పాస్ తెరిచారు. కార్లు భూమి కిందికి దిగి పైకి తేలడానికి కోట్లు, మనిషి భూమి కిందికి దిగకుండా ఉండటానికి ఒక యంత్రం కొనడానికి టెండర్ల ఆలస్యం.

2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక అక్క బండిని ట్రాఫిక్ పేరుతో ఆపేశారు. ఆమె అప్పటికే యూట్యూబ్‌లో పేరు పొందింది కాబట్టి ముఖ్యమంత్రి దాకా పోయి మళ్లీ నడిచింది. మంచిదే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి బండికీ సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, జాగ చూపాలి. చట్టం చేయాల్సిన పని యూట్యూబ్ చేస్తే, వీడియో తీయని బండ్ల గతి ఏమిటి?

"ఇట్లా అడిగితే పెట్టుబడి పోతది, ఉద్యోగాలు పోతయి" అని బెదిరిస్తారు. బ్రెజిల్‌లో సావో పాలో నగరం 2004 నుంచి అదనపు అంతస్తుల హక్కును వేలం వేసి అమ్ముతున్నది. బిల్డరు ముందు కొనాలి, తర్వాతే కట్టాలి. ఆ సొమ్ము ఆ ప్రాంతంలోనే పెట్టాలి, అక్కడి మురికివాడల వాళ్లకు ఇండ్లు కూడా అందులోనే. పెట్టుబడి పారిపోలేదు. అయితే అక్కడ కూడా ఏం చేశారో వినండి. ఆ సొమ్ముతో 2008లో ముందుగా తీగల వంతెన కట్టారు, దాని మీద నడిచేవాళ్లకు తావు లేదు. పేదల ఇండ్లు వెనకబడ్డాయి. పైసలు వసూలు చేస్తే సరిపోదు, ముందు ఎవరికి ఖర్చు పెట్టాలో కూడా రాయించుకోవాలి. దుర్గం చెరువు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర లేదు.

కాబట్టి మా డిమాండు గట్టిగా ఉన్నది. సర్కారు రోడ్డు వెడల్పు చేయడం వల్ల పెరిగే ప్రతి అంతస్తుకు బిల్డరు ధర కట్టాలి. ఆ సొమ్ములో మొదటి రూపాయి కాలిబాటకు, బస్తీ నీళ్లకు, పాకీ యంత్రాలకు, కూలిన గుడిసెకు బదులు ఇంటికి పోవాలి. అసైన్డ్ భూమికి పట్టా భూమి ధరే ఇవ్వాలి, టీడీఆర్ పట్టాదారుకు ఇస్తే లావుణీదారుకూ ఇవ్వాలి. పెట్టినట్టు భావించే ఆ సందును చట్టం నుంచి తీసేయాలి.

తీసేసే దాకా మనం చేయాల్సిన పని ఉన్నది. ప్రతి మండలంలో చదువుకున్న పిల్లలు ఇద్దరిని పట్టండి. సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టించండి. ఆర్ అండ్ బీ, హెచ్ఎండీఏ, మున్సిపల్ శాఖ, మూడింటికీ వేరువేరుగా. గత ఐదేండ్లలో రోడ్ల, ఫ్లైఓవర్ల ఖర్చులో ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి కింద ఎంత చూపించారు, ఏ పని పేరు మీద చూపించారు, ఆ పని ఏ ఊర్లో ఉన్నది అని అడగండి. ఇంపాక్ట్ ఫీజు ఖాతాలో ఎంత ఉన్నదో అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకుంటే అప్పీలు వేయండి, వచ్చిన జవాబు ఎట్లున్నా ఈ పత్రికకు పంపండి. "సమాచారం లేదు" అన్నా పంపండి, అది కూడా సమాచారమే.

రింగు రోడ్డు గీత పడే ఊర్ల వాళ్లు ఇంకొక పని చేయాలి. లావుణీ పట్టా, పాత పహాణీ నకలు, శిస్తు రసీదు ఇంట్లో ఏ పెట్టెలో ఉన్నా బయటికి తీయండి. ధరణి వచ్చినప్పుడు ఎక్కని పేర్లు ఎన్నో ఉన్నాయి, భూభారతిలో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. సర్వేకు వచ్చినవాళ్లు తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. ఇంటింటి కాగితాలు ఊరంతా ఒక్క రోజే జిరాక్స్ చేయించి ఒక కట్ట సంఘం దగ్గర పెట్టండి. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎమ్మెల్యే మనిషి అడిగినా సరే.